ఫిల్టరులో డికాషన్ దిగడం లేదు: మిక్సీ మాని కాఫీ మర కొనాలా?

ఉదయపు డికాషన్ (హైదరాబాదు):
సభ్యులందరికీ నమస్కారం. మా ఇంట్లో ఇరవై ఏళ్ళుగా దుకాణంలో కళ్ళముందు పట్టించిన పొడినే, నూటికి ముప్పై పాళ్ళు చికోరీ కలిపించి, అమ్మమ్మ నాటి ఇత్తడి ఫిల్టరులో వేసుకుంటున్నాము. సంక్రాంతి సెలవుల్లో అరకు వెళ్ళి, వేయించిన అరబికా గింజలు ఒక కిలో తెచ్చుకున్నాను. వాటిని మిక్సీ చిన్న జారులో పట్టి, చికోరీ లేకుండా అదే ఫిల్టరులో వేసిన రోజు నుంచి మాకు సరైన కాఫీ లేదు. రాత్రి తొమ్మిదింటికి 40 గ్రాముల పొడి మీద 200 మిల్లీలీటర్ల వేడినీళ్ళు పోస్తే, తెల్లవారి ఐదున్నరకు లేచి చూసేసరికి పై గిన్నెలో సగం నీళ్ళు చెరువులా నిలిచే ఉంటున్నాయి. కిందికి దిగిన కాస్త డికాషనూ చేదుగా ఉండడమే కాక గుక్క చివర సన్నని మడ్డి నాలుకకు తగులుతున్నది.

పది వేల రూపాయల లోపు చేతిమర కొనాలా, కరెంటు మర కొనాలా, లేక ఈ ఫిల్టరునే పక్కన పెట్టి వేరే పద్ధతికి మారాలా అన్నది నా ప్రశ్న. ఇంట్లో నలుగురం, పూటకు ఆరు కప్పులు కావాలి.

మరబిళ్ళ (విశాఖపట్నం):
మీరు చెప్పిన రెండు లక్షణాలూ, అంటే నీళ్ళు నిలవడమూ చేదూ, మిక్సీ పొడిలో సాధారణంగా కలిసే కనిపిస్తాయి. మిక్సీ గింజను నూరదు, బ్లేడుతో కొట్టి పగలగొడుతుంది. నిమిషానికి 18,000 చుట్ల దాకా తిరిగే ఆ బ్లేడుకు ఎదురుపడిన ముక్క మళ్ళీ మళ్ళీ దెబ్బ తిని దుమ్మవుతుంది, జారు అంచుకు పోయిన ముక్క శనగపప్పు బద్దంత ఉండిపోతుంది. ఆ దుమ్ము నుంచి నీళ్ళు చేదు దాకా అంతా లాగేస్తాయి, బద్దల లోపలికి అసలు చేరవు. అందుకే ఒకే కప్పులో చేదూ పలచదనమూ రెండూ వస్తాయి. పైగా ఆ దుమ్మే అడుగుకు చేరి ఫిల్టరు చిల్లులను పూడుస్తుంది.

నమ్మకం కలగకపోతే మైదా జల్లించే సన్నజల్లెడలో మీ పొడిని ఒక నిమిషం ఆడించి చూడండి. నేను నా మిక్సీ పొడి 50 గ్రాములు జల్లిస్తే 16 గ్రాములు కిందికి రాలింది. అదే గింజలను మరలో పట్టి జల్లిస్తే 6 గ్రాములు రాలింది. దుమ్ము బొత్తిగా లేని పొడి ఏ మరా ఇవ్వదు, ఎంత తక్కువ ఇస్తుందన్నదే తేడా.

మరలో రెండు పళ్ళబిళ్ళలు ఉంటాయి, వీటినే బర్‌లు అంటారు. వాటి మధ్య సందు ఎంత ఉంటే పలుకు అంతకు మించకుండా బయటికి వస్తుంది. చేతిమరల్లో దాదాపు అన్నీ శంకువు ఆకారపు బర్‌లే. కమాండాంటే సీ40 అనే చేతిమరలో బర్ వ్యాసం 39 మిల్లీమీటర్లు, కింగ్రైండర్ కే6 అనేదానిలో 48 మిల్లీమీటర్లు. బిళ్ళ పెద్దదైతే తిప్పాల్సిన చుట్లు తగ్గుతాయి. పలుకును సర్దే చక్రం ఒక్కో క్లిక్కు తిరిగినప్పుడు మొదటిదానిలో బర్ సుమారు 30 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), రెండోదానిలో 16 మైక్రాన్లు జరుగుతుంది. అందువల్ల ఒకరి మరలోని క్లిక్కుల లెక్క మరొకరి మరకు పనికిరాదు, పలుకునే చూసుకోవాలి. ఫిల్టరుకు బొంబాయి రవ్వ కంటే మెత్తగా ఉండి, వేళ్ళ మధ్య నలిపితే ఇంకా ఇసుకలా తగలాలి. పొడిని వేడినీళ్ళలో నానబెట్టి జాలీతో కిందికి అదిమే ఫ్రెంచ్ ప్రెస్‌కయితే ఇడ్లీ రవ్వంత బరక కావాలి.

మీరు కొనేటప్పుడు చూడవలసింది ఒక్కటే: ఉక్కు బర్, దాని ఇరుసును పైనా కిందా రెండు బేరింగులు పట్టి ఉంచాలి. నేను మొదట చవకగా కొన్న సెరామిక్ బర్ మరలో కింది బిళ్ళ గాలిలో వేలాడుతూ ఉండేది, బరకగా పెట్టిన కొద్దీ అది ఊగి మిక్సీకి తమ్ముడిలాంటి పొడినే ఇచ్చేది.

తెనాలి తాతయ్య:
మా ఇంట్లో బల్లకు మరచుట్టుతో బిగించే ఇనుప కాఫీ మర ఉండేది. పిల్లలం వంతులు వేసుకుని తిప్పేవాళ్ళం, ఎవరి వంతు రోజున డికాషన్ పలచబడితే వాళ్ళకు చీవాట్లు పడేవి. దాని పళ్ళు అరిగిపోయి నలభై ఏళ్ళయినా పొడి మాత్రం మిక్సీ కంటే మేలుగానే వచ్చేది. కాబట్టి మర కొనమనే నేనూ చెబుతాను. అయితే బాబూ, రాత్రంతా నీళ్ళు నిలవడమంటే నాకు పొడి ఒక్కటే కారణంగా తోచడం లేదు. ఎంత మెత్తని పొడి అయినా రెండు మూడు గంటల్లో దిగి తీరుతుంది. మీ ఫిల్టరుకు ఈ మధ్య ఏమైనా చేయించారా?

ఎస్ప్రెసో ఏకలవ్యుడు (బెంగళూరు):
నా మాట కొంచెం కటువుగా ఉండవచ్చు. ఎంత మంచి మర తెచ్చినా గురుత్వాకర్షణ మీద ఆధారపడే ఆ ఇత్తడి గిన్నె తన పరిధిని దాటలేదు. 18 గ్రాముల పొడి మీద 9 బార్ల ఒత్తిడితో 25 నుంచి 30 సెకన్లలో 36 గ్రాముల ఎస్ప్రెసో తీసి, దాని మీద నురగ పాలు పోసుకున్నాక మళ్ళీ వెనక్కి వెళ్ళాలనిపించదు. కొంచెం ఆగి యంత్రం కోసమే డబ్బు కూడబెట్టండి.

మరబిళ్ళ:
ఏకలవ్యుడు గారూ, మీ ఇష్టాన్ని కాదనను గానీ ఈ ఇంటి అవసరానికి అది పొసగదు. ఎస్ప్రెసోలో రెండు క్లిక్కుల తేడాకు 25 సెకన్లు 40 సెకన్లవుతాయి కనుక యంత్రం కంటే ముందు అంత సన్నని సర్దుబాటు ఉన్న మర కావాలి. ఆ రెండూ కలిపి పది వేలలో రావు. చవక యంత్రాల పెట్టె మీద 15 బార్లని అచ్చు వేసేది పంపు ఇవ్వగల గరిష్ఠ ఒత్తిడే, పొడి మీద పడేది కాదు. పైగా ఆరు కప్పులకు మూడుసార్లు తీసేసరికి మొదటి కప్పు చల్లారుతుంది. తొందరగా డికాషన్ కావాలనుకునేవారికి మోకా పాట్ నయం. ఇటలీలో బియలెట్టి 1933లో తెచ్చిన ఆ అల్యూమినియం పాత్ర పొయ్యి మీద అయిదారు నిమిషాల్లో చిక్కని డికాషన్ ఇస్తుంది, పొడి కూడా ఫిల్టరుకు పట్టినదానికి దగ్గరగానే సరిపోతుంది. అందులో పొడిని అదిమి నింపకూడదన్నది మాత్రం గుర్తుంచుకోవాలి.

డాలస్‌లో డవరా:
కరెంటు మర గురించి అడిగారు కనుక నా అనుభవం. ఇక్కడ నేను వాడేది 40 మిల్లీమీటర్ల శంకు బర్, 40 మెట్లు ఉన్న బరాట్జా ఎంకోర్. ఫిల్టరు కాఫీకి, పోర్ ఓవర్‌కు (పొడి మీద ధారగా వేడినీళ్ళు పోసి వడకట్టే పద్ధతి) ఏ లోటూ లేదు. అయితే ఇక్కడి నుంచి వచ్చే బంధువుల చేత తెప్పించుకుంటే చవక అని ఎవరైనా చెబితే వినకండి. ఇక్కడిది 120 వోల్టుల, 60 హెర్ట్‌జ్‌ల కరెంటు, అక్కడిది 230 వోల్టులు, 50 హెర్ట్‌జ్‌లు. మా తమ్ముడు గుంటూరులో ఇక్కడి మరకు పిన్ను మార్చే అడాప్టరు ఒక్కటే తగిలించి మీట నొక్కాడు. రెండు సెకన్లలో కాఫీ వాసన పోయి కాలిన వైరు వాసన వచ్చింది. అడాప్టరు పిన్ను ఆకారాన్ని మారుస్తుంది గానీ వోల్టేజీని మార్చదు. వోల్టేజీని దించే ట్రాన్స్‌ఫార్మర్ పెట్టవచ్చు, కానీ అది మరకంటే బరువైనది వస్తుంది. 230 వోల్టులకే చేసినది అక్కడే కొనడం మేలు.

ఇత్తడి మనిషి (రాజమహేంద్రవరం):
తాతయ్య గారి ప్రశ్నకు జవాబు రాకుండానే చర్చ అమెరికా దాకా వెళ్ళింది. ఉదయపు డికాషన్ గారూ, దయచేసి ఈ మూడు చూసి చెప్పండి. పై గిన్నెను ఖాళీ చేసి, ట్యూబులైటుకు ఎదురుగా పట్టుకుని, చిల్లులన్నిటిలోంచి వెలుతురు వస్తున్నదో లేదో చూడండి. ఫిల్టరుకు కళాయి ఎప్పుడు వేయించారో గుర్తు తెచ్చుకోండి. నీళ్ళు నిలిచిపోయినప్పుడు పై గిన్నెను అరంగుళం ఎత్తి మళ్ళీ దించితే చుక్కలు పడుతున్నాయేమో గమనించండి.

ఉదయపు డికాషన్:
ఇత్తడి మనిషి గారూ, మీరు పక్కనే నిలబడి చూసినట్లు అడిగారు. మొదటి టపాలో రాయడానికి నాకు తోచనే లేదు గానీ, సంక్రాంతికి పది రోజుల ముందు ఇంట్లో ఇత్తడి సామానంతటికీ కళాయి వేయించాము, అందులో ఈ ఫిల్టరు కూడా ఉన్నది. గింజలు మార్చడమూ కళాయి వేయించడమూ ఒకే నెలలో జరగడంతో నేను నేరమంతా గింజల మీదా మిక్సీ మీదా మోపాను. ఇందాక గిన్నెను లైటుకు ఎదురుగా పట్టుకుంటే, ఒక పక్క నక్షత్రాల్లా మెరుస్తున్నది, రెండో పక్క అమావాస్య. అయిదింట రెండు వంతుల చిల్లులు తగరంతో పూడి ఉన్నాయి.

ఇత్తడి మనిషి:
అనుకున్నాను. కళాయి వేసేటప్పుడు గిన్నెను కాల్చి, నవసాగరం చల్లి, కరిగిన తగరాన్ని దూదితో లోపలంతా రుద్దుతారు. సన్నని చిల్లుల మీదుగా దూది వెళ్ళేటప్పుడు తగరం వాటిలోకి దిగి గడ్డకడుతుంది. పాత పనివాళ్ళు గిన్నె వేడిగా ఉండగానే దాన్ని బోర్లించి ఒక్క దెబ్బ తట్టేవారు, చిల్లుల్లోది ఎగిరిపోయేది. తగరం మెత్తని లోహం. కుట్టుసూదిని పటకారుతో పట్టుకుని బయటి వైపు నుంచి లోపలికి మెల్లగా నొక్కితే ఊడి వస్తుంది. చిల్లును పెద్దది చేసే మేకులూ డ్రిల్లులూ వద్దు. ఇంతకూ కళాయి లేకుండా వాడమని మాత్రం చెప్పను, కాఫీకి కొంచెం పులుపు గుణం ఉంటుంది కనుక వట్టి ఇత్తడి మీద రాత్రంతా నిలవ ఉంచకూడదు.

ఉదయపు డికాషన్:
అరగంట పట్టింది, నా కళ్ళజోడు రెండుసార్లు మార్చాను. చిల్లులన్నీ తెరుచుకున్నాయి. అదే మిక్సీ పొడితో ఈ ఉదయం వేస్తే గంటా పది నిమిషాల్లో మొత్తం దిగింది. నీళ్ళు నిలవడం పోయింది గానీ చేదూ మడ్డీ అలాగే ఉన్నాయి. అంటే మర అవసరం తీరలేదన్నమాట. ఇంకొక సందేహం. 200 పోస్తే 120 మిల్లీలీటర్లే వచ్చింది. మిగిలినవి ఎక్కడికి పోయాయి?

మరబిళ్ళ:
ఎక్కడికీ పోలేదు, పొడి తాగింది. గ్రాము పొడి తన బరువుకు సుమారు రెండింతల నీటిని పట్టి ఉంచుతుంది, 40 గ్రాములకు 80 మిల్లీలీటర్లు. మీకు కావలసిన డికాషన్‌కు ఆ లెక్క కలుపుకుని నీళ్ళు పోయాలి. మొదట పొడి తడిసేటన్ని నీళ్ళు పోసి అర నిమిషం ఆగి, లోపలి వాయువు బుడగలుగా పోయాక మిగతావి పోయండి. పొడిని ఒత్తుడు బిళ్ళతో అదిమి గట్టిపరచకుండా చదును చేస్తే చాలు.

నీళ్ళ లెక్క (హైదరాబాదు):
హైదరాబాదులో ఉన్నారు కనుక ఈ మాట చెప్పక తప్పదు. మీరు ఏ నీళ్ళు వాడుతున్నారు? మా అపార్టుమెంటు బోరు నీళ్ళలో టీడీఎస్ (లీటరు నీళ్ళలో కరిగి ఉన్న లవణాలు ఎన్ని మిల్లీగ్రాములన్న లెక్క) 900 దాటుతుంది, మా ఇంటి ఆర్వో యంత్రం దాన్ని 30కి దించుతుంది. స్పెషాల్టీ కాఫీ సంఘం పాత ప్రమాణం ప్రకారం కాఫీకి 150 దరిదాపుల్లో, అంటే 75కూ 250కీ మధ్య ఉండాలి. బోరు నీళ్ళతో చేస్తే గింజలోని సన్నని పులుపంతా చచ్చి సుద్ద రుచి వస్తుంది, వట్టి ఆర్వో నీళ్ళతో చేస్తే కాఫీ చప్పగా, ఖాళీగా ఉంటుంది, ఎందుకంటే రుచిని పట్టి లాగే కాల్షియం, మెగ్నీషియం అందులో మిగలవు. నేను ఆర్వో నీళ్ళలో మునిసిపల్ కుళాయి నీళ్ళు కలిపి, టీడీఎస్ మీటరుతో చూసుకుని, కాచి వాడుతున్నాను. నేను మర మీద పెట్టిన డబ్బుకు ఫలితం కనిపించింది నీళ్ళు సరిచేశాకే.

ఎస్ప్రెసో ఏకలవ్యుడు:
నీళ్ళ విషయంలో మాత్రం నేను మీతో పూర్తిగా ఏకీభవిస్తాను. బోరు నీళ్ళు నా యంత్రం బాయిలరులో ఏడాదిలోనే సున్నపు పెచ్చు కట్టించాయి.

అరకు దారి (పాడేరు):
గింజల గురించి ఎవరూ అడగలేదు. తూర్పు కనుమల్లో మా వైపు కాఫీ సిల్వర్ ఓక్ నీడన, చెట్టుకు మిరియపు తీగ అల్లుకుని, గిరిజన రైతుల చిన్న కమతాల్లో పండుతుంది. అరకు అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మీరు తెచ్చిన సంచి మీద వేయించిన తేదీ ఉన్నదా? వేయించిన రెండు మూడు రోజులకే పట్టిన పొడిలో బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడ్) ఎక్కువ ఉండి, నీళ్ళు పోయగానే పొంగి ఒత్తుడు బిళ్ళను సైతం పైకి లేపుతుంది. వారం పది రోజులు ఆగితే సర్దుకుంటుంది. ‘ప్లాంటేషన్’ అని రాసి ఉంటే గుజ్జు తీసి కడిగి ఎండబెట్టిన అరబికా అని, ‘చెర్రీ’ అని ఉంటే పండుతోనే ఎండబెట్టినదని అర్థం. పీబెర్రీ అంటే రెండు బద్దలకు బదులు ఒకే గుండ్రని గింజ పట్టినది. లేతగా వేయించిన గింజ గట్టిగా ఉంటుంది, చేతిమరలో భుజం నొప్పి పుట్టిస్తుంది. ఫిల్టరుకు మధ్యరకం, లేదా దానికంటే కొంచెం ముదురు వేపుడు తీసుకోండి.

ఉదయపు డికాషన్:
తేదీ ఉన్నది, పట్టేనాటికి మూడు వారాలయింది. మరో చిక్కు వచ్చింది. చేదు సంగతి నేను చూసుకుంటుంటే, నాన్నగారు మాత్రం ‘ఇది నీళ్ళ కాఫీ, రంగు లేదు’ అంటున్నారు.

చికోరీ వద్దు (చెన్నై):
నాన్నగారికి ఇరవై ఏళ్ళుగా అలవాటైంది చికోరీ, కాఫీ కాదు. నెలరోజులు ఓపిక పట్టమనండి, నాలుక తిరుగుతుంది.

తెనాలి తాతయ్య:
డెబ్బై ఏళ్ళ మనిషి నాలుకను తిప్పే పని మనకెందుకు? చికోరీ వేరు వేయించిన పొడి. కాఫీ కంటే చాలా ఎక్కువ భాగం నీళ్ళలో కరుగుతుంది. అందుకే నల్లని రంగూ చిక్కదనమూ ఇస్తుంది, పాలు పోసినా నిలబడుతుంది. మన దేశపు ఆహార నిబంధనల ప్రకారం ఆ మిశ్రమంలో కాఫీ కనీసం 51 శాతం ఉండాలి. ఇంట్లో కలుపుకునేవారికి పది శాతం చాలు. ఒక్క జాగ్రత్త ఉన్నది. చికోరీ గాలిలోని తేమను పీల్చి జిగటగా మారుతుంది, దాన్ని మరలో వేయకండి. విడిగా పొడి కొని ఫిల్టరులో కలపండి.

చికోరీ వద్దు:
పది శాతానికి నేనూ తల ఊపుతాను, అంతకు మించితే కాదు.

ఉదయపు డికాషన్:
మూడు వారాల తరువాత మళ్ళీ రాస్తున్నాను. 38 మిల్లీమీటర్ల ఉక్కు బర్ ఉన్న చేతిమర కొన్నాను. దానిలో 25 గ్రాములే పడతాయి కనుక రెండు విడతలుగా తిప్పాలి. ఆ పని అమ్మ తీసుకున్నది. రాత్రి సీరియల్‌లో మొదటి ప్రకటనల విరామంలో ఒక విడత, రెండోదానిలో మరొకటి పూర్తవుతున్నాయి. నా మరలో 16వ క్లిక్కు దగ్గర మొదలుపెడితే డికాషన్ పావుగంటలోనే దిగి పలచగా వచ్చింది, 11కు వెళితే మళ్ళీ చేదు. 13 దగ్గర 45 నిమిషాలు పడుతున్నది, మడ్డి లేదు. సగం ఆర్వో, సగం కుళాయి నీళ్ళు కలుపుతున్నాను. నాన్నగారి వాటాగా నాలుగు గ్రాముల చికోరీ. ఒక రోజు చుక్కలు మళ్ళీ ఆగిపోతే భయపడ్డాను గానీ, పై గిన్నెను కాస్త ఎత్తగానే ‘ఉస్సు’మని గాలి వచ్చి మళ్ళీ మొదలయ్యాయి.

ఇత్తడి మనిషి:
నా మూడో ప్రశ్న అందుకే. కళాయి మందానికి రెండు గిన్నెల అంచులూ బిగుసుకుని, కింది గిన్నెలోని గాలికి దారి లేకపోతే డికాషన్ దిగదు. మూత పెట్టేటప్పుడు పై గిన్నెను పావు చుట్టు తిప్పి వదులుగా కూర్చోబెట్టండి.

ఉదయపు డికాషన్:
అలాగే చేస్తాను. పొడి మర గోడలకూ డబ్బా అంచుకూ అతుక్కుని, దులిపితే బల్లంతా ఎగురుతున్నది. దీనికేమైనా ఉపాయం ఉన్నదా?

మరబిళ్ళ:
గింజలు మరలో పోసే ముందు తడి స్పూను వెనుక భాగంతో ఒక్కసారి కలియబెట్టండి, ఒకటి రెండు చుక్కల తడి చాలు. గింజలు పగిలి రాసుకున్నప్పుడు పుట్టే స్థిర విద్యుత్తే ఆ అతుకుడుకు కారణం. ఓరెగాన్ విశ్వవిద్యాలయపు రసాయన శాస్త్రవేత్తలు అగ్నిపర్వత బూడిదలోని విద్యుదావేశాన్ని పరిశోధించేవారితో కలిసి 2023లో ప్రచురించిన పరిశోధనలో, ఈ తడి స్థిర విద్యుత్తును తగ్గిస్తుందని కొలిచి చూపారు. మీరు వాడే చికోరీని మాత్రం ఆ తడికి దూరంగా ఉంచండి.

ఉదయపు డికాషన్:
పని చేసింది, ఇప్పుడు బల్ల మీద బ్రష్షు కూడా అక్కరలేదు. చివరిగా ఒక ఇంటి ఫిర్యాదు: మిక్సీ చిన్న జారు వంటింటికి తిరిగి వెళ్ళింది గానీ, నిన్న అందులో కొట్టిన కందిపొడి కాఫీ వాసన వేసి ఎవరూ అన్నంలో కలుపుకోలేదు.

తెనాలి తాతయ్య:
గుప్పెడు పచ్చిబియ్యం వేసి మెత్తగా కొట్టి పారబోసి, మూత రబ్బరు విడిగా తీసి నిమ్మచెక్కతో రుద్ది ఎండలో పెట్టమనండి. వాసన ఉండేది ఎక్కువగా ఆ రబ్బరులోనే.

మరబిళ్ళ:
ఆ బియ్యం వైద్యం మిక్సీకి మాత్రమేనండీ, మీ చేతిమరలో వేయకండి. బియ్యపు గింజ కాఫీ గింజకంటే గట్టిది. మరకు బ్రష్షే చాలు, కాకపోతే నెలకొకసారి బర్ విప్పి తుడవండి.